బొమ్మకి 63, బొరుసుకి 65

నా బల్ల సొరుగులో ఒక కాగితం ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు నలుపు తెలుపు ఫొటోలు. ఒకదాంట్లో స్వేచ్ఛాదేవి ముఖం, ఇంకోదాంట్లో రెక్కలు విప్పిన గద్ద. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో అచ్చయిన అమెరికన్ వెండి డాలర్ అది. బొమ్మ చెక్కిన జార్జ్ మోర్గన్ పేరు మీద ఆ రకాన్ని మోర్గన్ డాలర్ అంటారు. ఫొటోలతో పాటు ఒక వరస సంఖ్య, తేదీ, గ్రేడు ఉన్నాయి. గ్రేడు ఒకటి కాదు, రెండు. బొమ్మకి 63, బొరుసుకి 65.

ఆ ఫొటోలో ఉన్న నాణెం మాత్రం నా దగ్గర లేదు.

కొన్నప్పుడు ఉందనే అనుకున్నాను. ఐదేళ్ళ కిందట మా ఊరికి దగ్గర్లో, టెక్సస్‌లో, ఒక కాయిన్ షోకి వెళ్ళాను. పెద్ద హాలు, వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదా గాజు పెట్టెలు, వాటి వెనక ఎక్కువగా అరవై దాటిన మగవాళ్ళు. ఒకాయన దగ్గర ఈ కాగితం, దానికి పిన్ను చేసిన చిన్న ప్లాస్టిక్ సంచిలో వెండి డాలర్ కనిపించాయి. అందరి దగ్గరా ఉన్నవి గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు చేసిన నాణేలు. ఇదొక్కటే కాగితంతో వచ్చింది. ముచ్చటపడి బేరం కూడా సరిగ్గా ఆడకుండా కొనేశాను.

ఇంటికొచ్చి, భూతద్దం పెట్టి, ఫొటోనీ నాణేన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఫొటోలో స్వేచ్ఛాదేవి చెంప మీద, కంటికి కాస్త కిందుగా, నెలవంక ఆకారంలో ఒక గాటు ఉంది. గడ్డం దగ్గర ఇంకో రెండు చిన్న గీతలు. నా చేతిలో ఉన్న నాణెం చెంప మీద అవేవీ లేవు. వేరే చోట వేరే గాట్లు ఉన్నాయి. వెలుతురు మార్చి చూశాను, కోణం మార్చి చూశాను. లోహం మీద కొత్త గాటు పడొచ్చు గానీ, పడిన గాటు దానంతటది మానిపోదు కదా. అది ఆ నాణెం కాదు.

తర్వాతి షోలో ఆ పెద్దాయన్ని వెతికి పట్టుకున్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎవరో పోతే వాళ్ళ పిల్లలు అమ్మేసిన పెట్టెలో రెండూ కలిసే వచ్చాయట. డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. మళ్ళీ ఆయనే, "నాణెం బాగానే ఉంది కదయ్యా, ఆ కాగితం పారేస్తే సరిపోలా?" అన్నాడు.

నాణెం ఆయనకిచ్చేశాను. కాగితం మాత్రం అడిగి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలీదు. అది తెలుసుకోడానికే ఈ కాగితాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

*

ఇలాంటి కాగితం అవసరం దొంగ నాణేల వల్ల వచ్చింది. 1970ల మొదట్లో అమెరికాలో సేకరణ నాణేల ధరలు పెరుగుతున్నాయి, వాటితో పాటే నకిలీలూ పెరిగాయి. కొన్ని మోటు పనులు. 1943లో యుద్ధం కోసం రాగి ఆదా చేయాలని ఒక సెంటు నాణేల్ని జింకు పూత పూసిన ఉక్కుతో చేశారు. పొరపాటున రాగి రేకు మీద అచ్చయినవి బహు కొద్ది. కాబట్టి మామూలు ఉక్కు సెంటుకి రాగి పూత పూసి అమ్మేవాళ్ళు. అయస్కాంతం పెడితే గుట్టు బయటపడుతుంది. ఇంకొన్ని నాజూకు పనులు. 1916లో డెన్వర్ టంకశాలలో చేసిన పది సెంట్ల నాణెం అరుదు, ఫిలడెల్ఫియాలో చేసినది మామూలు. ఆ రెంటికీ తేడా 'డి' అనే ఒక్క చిన్న అక్షరం. ఆ అక్షరాన్ని అతికించేవాళ్ళు. అది కనిపెట్టాలంటే సూక్ష్మదర్శిని కావాలి.

అన్నిటికన్నా పెద్ద పనివాడెవడో ఇప్పటికీ లోకానికి తెలీదు. 1907 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణెం, శిల్పి సెయింట్-గాడెన్స్ రూపం ఇచ్చినది, చాలామంది దృష్టిలో అమెరికా నాణేల్లోకెల్లా అందమైనది. దాన్ని ఒకడు అచ్చు దించేశాడు. అంత బాగా చేశాక ఊరుకోలేకపోయాడు కాబోలు, గద్ద గోళ్ళ దగ్గర అతి చిన్నగా గ్రీకు అక్షరం ఒమేగా చెక్కాడు. ఆ సంతకం కంటబడే దాకా ఎంతోమంది వాటిని అసలువనుకునే కొన్నారు.

ఈ పరిస్థితిలో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ ఒక విభాగం పెట్టింది. 1891 నుంచీ ఉన్న సేకర్తల సంఘం అది. 1972లో వాషింగ్టన్‌లో మొదలైన ఆ విభాగాన్ని పొడి అక్షరాలతో 'అనాక్స్' అంటారు. నాణెం పంపితే చూసి, అసలుదైతే ఫొటో ఉన్న సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. మొదట్లో వాళ్ళు చెప్పింది ఒక్కటే మాట: ఇది నిజమైనది. ఎంత బాగుందో చెప్పడం వాళ్ళ పని కాదు. 1976లో ఆఫీసు కొలరాడో స్ప్రింగ్స్‌కి మారింది. ఇంటర్నేషనల్ న్యూమిస్మాటిక్ సొసైటీ అనే ఇంకో సంస్థ వాషింగ్టన్‌లో ఫొటో సర్టిఫికెట్లు ఇస్తూ, గ్రేడు కూడా రాయడం మొదలుపెట్టింది. 1979లో అనాక్స్ కూడా గ్రేడు ఇవ్వడానికి ఒప్పుకుంది. అక్కడితో ఆ కాగితం స్వభావమే మారిపోయింది. అసలా నకిలీయా అన్న ప్రశ్నకి జవాబు ఒకటే ఉంటుంది. ఎంత బాగుంది అన్న ప్రశ్నకి చూసేవాళ్ళని బట్టి జవాబు.

*

ఆ అంకెల సంగతి చెప్పాలంటే విలియం షెల్డన్ గురించి చెప్పాలి. ఆయన వృత్తి మనస్తత్వ శాస్త్రం, వ్యసనం పాత రాగి సెంట్లు. 1949లో వాటి మీద ఒక పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద తయారుచేశాడు. ఏ నాణెమో గుర్తుపట్టగలిగేంత మాత్రమే మిగిలితే 1. ఇప్పుడే అచ్చు నుంచి ఊడిపడినట్టుంటే 70. 1 గ్రేడు సెంటు ఒక డాలర్ చేస్తే అదే రకం 70 గ్రేడుది డెబ్భై డాలర్లు చెయ్యాలని ఆయన లెక్క. అంటే మొదట్లో అది ధరల పట్టీ. ఆ ధరల లెక్క కొన్నేళ్ళకే చెల్లకుండా పోయింది. అంకెలు మాత్రం మిగిలి, రాగి సెంట్ల నుంచి అన్ని నాణేలకీ పాకాయి. వాడకంలోకి పోని నాణేలకి 60 నుంచి 70 దాకా. వాటి ముందు రాసే ఎంఎస్ అంటే మింట్ స్టేట్, టంకశాల నుంచి వచ్చిన స్థితి అని. మొదట్లో 60, 65, 70 మాత్రమే వాడేవాళ్ళు. తర్వాత 63, 67 చేరాయి. 1986కల్లా మధ్యలో ఉన్న అంకెలన్నీ వచ్చేశాయి.

ఇదే షెల్డన్ మనుషులకీ అంకెలు వేశాడు. లావు, కండ, సన్నం అని మూడు తత్వాలు పెట్టి, ఒక్కొక్కదానికీ 1 నుంచి 7 దాకా మార్కులేసి, శరీరాన్ని బట్టి స్వభావం చెప్పొచ్చన్నాడు. అందుకోసం అమెరికాలో పేరున్న కాలేజీల విద్యార్థుల్ని నగ్నంగా నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆ సిద్ధాంతాన్ని ఇవాళ ఎవరూ లెక్కచెయ్యరు. ఆ ఫొటోల సంగతి తలుచుకుంటే సిగ్గుపడతారు.

ఇంకో విషయం 1977లో ఆయన పోయాక గానీ పూర్తిగా తేలలేదు. న్యూయార్క్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి దానంగా వచ్చిన ఒక గొప్ప రాగి సెంట్ల సేకరణ ఉండేది. పరిశోధన పేరుతో దాన్ని చూడ్డానికి వెళ్ళిన షెల్డన్, మంచి నాణేలు తీసుకుని వాటి స్థానంలో తక్కువరకం నాణేలు పెట్టేశాడు. అవి ఆ తర్వాత చేతులు మారాయి. గొడవ 1990లలో కోర్టు దాకా వెళ్ళింది, తీర్పు సొసైటీకి అనుకూలంగా వచ్చింది. మరి ఎలా పట్టుకున్నారు? పాత ఫొటోలూ రికార్డులూ తీసి, ట్రేలో ఉన్న నాణేలతో పోల్చారు. ఆ గాటు ఇక్కడ లేదే, ఈ గీత అక్కడ లేదే అనుకుంటూ.

ఇది చదివిన రాత్రి సొరుగు తీసి నా కాగితాన్ని మళ్ళీ చూశాను. ప్రపంచమంతా నాణేల్ని కొలిచే అంకెలు ఇచ్చిన మనిషే నాణేలు మార్చేశాడు. ఆయన్ని పట్టించినవి అంకెలు కావు, ఫొటోలు.

*

ఇప్పుడు ఆ 63/65 సంగతి. ఈ కాగితాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ అడ్డగీతే.

మోర్గన్ డాలర్ ఒక్కోటి 26.73 గ్రాములు. వెయ్యేసి నాణేల్ని గుడ్డ సంచుల్లో పోసి ప్రభుత్వ ఖజానాల్లో దశాబ్దాల తరబడి ఉంచారు. ఒక్కో సంచి దాదాపు 27 కిలోలు. ఆ సంచిని ఎత్తినప్పుడు, దించినప్పుడు, విసిరినప్పుడు, లోపల నాణేలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అంటే ఎవరి చేతికీ వెళ్ళని, ఒక్క రోజు కూడా ఖర్చుకాని నాణేనికి కూడా దెబ్బలుంటాయి. స్వేచ్ఛాదేవి చెంప నున్నగా, ఎత్తుగా, ఏ అడ్డూ లేకుండా ఉంటుంది కాబట్టి దెబ్బలన్నీ అక్కడే కనిపిస్తాయి. వెనకవైపు గద్ద ఈకల్లో, దండ ఆకుల్లో చిన్న చిన్న గాట్లు కలిసిపోతాయి. అందుకని ఒకే నాణేనికి ముఖం ఒక అంకె, వీపు ఇంకో అంకె రావడం మామూలే. అనాక్స్ వాళ్ళు ఆ రెండూ విడివిడిగా రాసేవాళ్ళు. చూసింది చూసినట్టు.

తర్వాత వచ్చిన పద్ధతిలో ఆ గీత పోయింది. 1986లో పీసీజీఎస్ అనే సంస్థ, మరుసటి ఏడు ఎన్‌జీసీ మొదలయ్యాయి. ఇవి వ్యాపారుల మధ్య నుంచి పుట్టినవి. నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గ్రేడు చీటీ లోపలే ఉంచి, సీలు చేసేస్తారు. దాన్ని 'స్లాబ్' అంటారు. నాణేనికంతటికీ ఒకటే అంకె. ఇక నాణేన్ని కళ్ళతో చూడకుండా, ఫోన్లోనే, '1881 శాన్‌ఫ్రాన్సిస్కో, 65' అని కొనడం అమ్మడం కుదిరింది. సరిగ్గా వ్యాపారానికి కావలసింది అదే. పెట్టుబడి కంపెనీలు కూడా నాణేల ఫండ్లు పెట్టాయి. 1989 దాటాక ధరలు కుప్పకూలాయి.

నిజం చెప్పాలంటే కాగితం ఓడిపోవడానికి కారణాలు లేకపోలేదు. దానికీ నాణేనికీ మధ్య ఉన్నది ఒక పిన్ను మాత్రమే. ఎవరైనా మార్చేయొచ్చు, నాకు జరిగింది అదే. నలుపు తెలుపు ఫొటోలో మెరుపు తెలీదు, రంగు తెలీదు. పైగా 80ల మధ్యలో అనాక్స్ వాళ్ళు కొలతలు బిగించారు. 1981లో 65 అన్న నాణేన్ని నాలుగేళ్ళ తర్వాత పంపితే 63 అని తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. కొన్నవాళ్ళకి కడుపు మండదా మరి? 1989కల్లా అనాక్స్ కూడా ప్లాస్టిక్ డబ్బాలకి మారింది. 1990లో సంఘం ఆ సేవని ఒక ప్రచురణ సంస్థకి అమ్మేసింది. జనం తమ నాణేల్ని కొత్త డబ్బాల్లో పెట్టించుకుని, పాత కాగితాల్ని చెత్తబుట్టలో వేశారు.

నేను కూడా వేశాను. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో కాగితంతో వచ్చిన ఒక అర డాలర్‌ని డబ్బాలో పెట్టించాను. డబ్బా రాగానే కాగితం చింపేశాను. ఇప్పుడు ఆ నాణెం తళతళ మెరుస్తూ ఉంటుంది, ఉండాల్సినదానికన్నా ఎక్కువగా. ఎప్పుడో ఎవరో ఆమ్లంలో ముంచి తీశారేమోనని అనుమానం. కాగితంలో ఫొటో ఉంటే, పాత మచ్చలు అప్పుడున్నాయో లేదో కొంతైనా తెలిసేది. చూసుకునే దారి నేనే మూసేసుకున్నాను.

*

అందుకే ఇప్పుడు ఆ కాగితాల కోసం వెతికేవాళ్ళు తయారయ్యారు. కొందరికి నాణెం చరిత్ర కావాలి. ఇవాళ డబ్బాలో ఉన్న నాణేన్ని నలభై ఏళ్ళనాటి ఫొటోతో పోల్చి, ఇదే అదని తేల్చుకోగలిగితే, మధ్యలో దాన్ని ఎవరైనా కడిగారా, గోకారా అన్నది బయటపడుతుంది. కొందరికి కాగితమే సేకరణ. ఏ ఏడాది ఏ నమూనా, ఏ సంస్థది, మొదటి ఏళ్ళలో గ్రేడు లేకుండా అసలుదని మాత్రం చెప్పినవా, తర్వాతవా అని వరసగా పెట్టుకుంటారు. నాణేనికి ఒక్క అంకె కూడా చాలదనుకున్నవాళ్ళ వస్తువులూ వెతుకుతారు. 1990 ప్రాంతంలో కంప్యూగ్రేడ్ అనే సంస్థ కంప్యూటర్‌తో చూయించి 64.7 లాంటి దశాంశాల గ్రేడులిచ్చింది. కొద్దికాలమే నడిచింది. 1987లో ఎన్‌జీసీ మొట్టమొదట వాడిన నల్ల చీటీ డబ్బాలకైతే లోపల నాణెం ఎంత మామూలుదైనా మంచి ధర పలుకుతుంది.

అమెరికన్ సేకర్తల్లో ఒక సామెతలాంటి మాట ఉంది: డబ్బాని కాదు, నాణేన్ని కొనుక్కో అని. వీళ్ళు సరిగ్గా దానికి ఎదురు పని చేస్తున్నారు. మొదట్లో నాక్కూడా నవ్వొచ్చింది. పెళ్ళికూతుర్ని వదిలేసి శుభలేఖ దాచుకున్నట్టు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకంటే నిపుణుడు చెప్పిన మాటని మళ్ళీ తరచి చూసే వీలు ఎంత ముఖ్యమో ఇంకో కథ చెబుతుంది. 1913 నాటి లిబర్టీ బొమ్మ ఐదు సెంట్ల నాణేలు ప్రపంచంలో ఐదే ఉన్నాయి. వాటిలో ఒకటి జార్జ్ వాల్టన్ అనే సేకర్త దగ్గర ఉండేది. 1962లో ఒక కాయిన్ షోకి వెళుతూ ఆయన కారు ప్రమాదంలో పోయాడు. వారసులు నాణేలు అమ్మబోతే, దీని మీద సంవత్సరం దిద్దారు, ఇది నకిలీ అని నిపుణులు తిప్పి పంపారు. నలభై ఏళ్ళు అది ఆయన చెల్లెలి ఇంట్లో ఒక అలమరలో పడి ఉంది. 2003లో బాల్టిమోర్‌లో మిగతా నాలుగింటినీ ఒకచోట చేర్చినప్పుడు, కుటుంబం దీన్నీ తీసుకెళ్ళింది. నాలుగింటి పక్కన ఐదోదాన్ని పెట్టి చూశారు. అసలుదే. 2013లో 31 లక్షల డాలర్ల పైన పలికింది. ఆ కుటుంబం 'నకిలీ' అన్న మాట నమ్మి ఆ నాణేన్ని పారేసి ఉంటే? పారేయలేదు కాబట్టి పక్కన పెట్టి చూసే అవకాశం మిగిలింది.

మన భాషలో నాణెం, నాణ్యం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. తమిళంలో అయితే 'నాణయం' అంటే నాణెమూ, నిజాయితీ కూడా. మన వైపు ఈ పని షరాబులు చేసేవాళ్ళు. రూపాయిని మోగించి, గీకి, సరైనదని తేలితే దాని మీదే చిన్న ముద్ర కొట్టేవాళ్ళు. పాత వెండి రూపాయిల మీద ఆ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ షరాబు మాట నాణేన్ని వదిలి పోదు, కానీ నాణేనికి దెబ్బ తగులుతుంది. డబ్బాలో నాణేనికి దెబ్బ తగలదు, మాట కూడా విడిపోదు, కానీ మనం చూడ్డం మానేస్తాం. కాగితం మాత్రం నాణేనికి ఎదురుగా విడిగా నిలబడుతుంది. నేను చూసినప్పుడు ఇది ఇలా ఉంది, ఇప్పుడు నువ్వు చూసుకో అంటుంది. అబద్ధమైతే దొరికిపోయేలా ఉండడమే దాని నాణ్యం. నాకు వచ్చిన నాణెం వేరేదని నాకు చెప్పింది ఆ కాగితమే కదా. ఆ పెద్దాయన పారేయమన్నది దాన్నే.

గమ్మత్తేమిటంటే, కొన్నేళ్ళకి ప్లాస్టిక్ డబ్బాలకి కూడా నకిలీలు వచ్చాయి, చీటీతో సహా. అప్పుడు ఆ పెద్ద సంస్థలు ఏం చేశాయి? డబ్బా మీద నంబరు కొడితే లోపల ఉండాల్సిన నాణెం ఫొటో కనిపించే ఏర్పాటు చేశాయి. చేతిలో ఉన్నదాన్ని ఫొటోతో పోల్చుకోండి అంటున్నాయి. నలభై ఏళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే.

నాకు ఇప్పుడొక అలవాటయింది. వేలాలకి వచ్చే 1881 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్ల ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటాను. ఆ ఏడాది ఆ టంకశాలలో కోటీ ఇరవై లక్షల పైన అచ్చేశారు, కాబట్టి ఆశ పెట్టుకోవడం తెలివైన పని కాదని తెలుసు. పోయిన నెల ఒకటి కనబడింది. చెంప మీద, కంటికి కిందుగా, నెలవంక గాటు. సొరుగులోంచి కాగితం తీసి తెర పక్కన పెట్టాను. గాటు సరిపోయింది, పొడుగు కూడా దాదాపు అంతే. గడ్డం దగ్గరికి వచ్చాను. అక్కడ రెండు గీతలు ఉండాలి. నున్నగా ఉంది.

కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టాను. దాని పక్కనే ఇప్పుడు ఇంకో కవరు ఉంది. నా దగ్గరున్న నాణేలన్నిటికీ రెండు వైపులా ఫొటోలు తీసి, వెనక పెన్నుతో తేదీ వేసి, అందులో ఉంచాను. రేపు మా పిల్లలు వాటిని అమ్మాల్సివస్తే ఆ కవరు కూడా ఇవ్వమని చెప్పాను.